నిజం నాయకుడి దాకా ఎందుకు రాదు?

నాగర్‌కర్నూల్ వైపు ఏ ఊళ్లోనైనా జరిగే మహిళా పొదుపు సంఘం సమావేశాన్ని తీసుకుందాం. బడి వరండాలో చాప పరిచి ఉంటుంది. పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో పొదుపు పుస్తకాలు, తీర్మానాల రిజిస్టరు. పేరు పిలుస్తుంటే ఒక్కొక్కరు కొంగుముడి విప్పి, కిస్తీ డబ్బు లెక్కపెట్టి ముందు పెడతారు. ఒక పేరు దగ్గర పిలుపు ఆగుతుంది. ఆ మనిషి ఇంకా రాలేదు. కాసేపటికి వస్తుంది గాని చాప మీదికి రాదు, వరండా స్తంభాన్ని ఆనుకుని నిలబడుతుంది. ఎవరూ ఏమీ అడగకముందే, "నేనేమీ ఊరు విడిచి పోలేదు, అందరూ అట్లా చూడకండి" అంటుంది గట్టిగా.

వినేవారికి అది పొగరులా వినిపిస్తుంది. కిస్తీ కట్టకపోగా ఎదురు మాట్లాడుతోందని పక్కవారు ముఖాలు చూసుకుంటారు. నిజానికి ఆ గొంతులో ఉన్నది నామోషీ. వట్టి చేతులతో నలుగురి ముందుకు రావాల్సి వచ్చిన మనిషి, ఎవరైనా ఒక మాట అనేలోపు తానే అనేస్తుంది. ఆలస్యంగా రావడం, దూరంగా నిలబడటం, గొంతు పెంచడం మూడూ ఒకే సంగతి చెబుతున్నాయి. దాన్ని పోల్చుకోగలిగిందా లేదా అన్నదే ఆ పూట సంఘం అధ్యక్షురాలికి పరీక్ష.

"కట్టడానికి డబ్బు లేదు గాని మాటలకు మాత్రం తక్కువ లేదు" అని ఆమె అన్నదనుకుందాం. నలుగురూ నవ్వుతారు. నిలబడిన మనిషి వెళ్లిపోతుంది. తర్వాతి నెల ఆమె కిస్తీ సరిగ్గా వేళకు వస్తుంది. అది నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చిన డబ్బని సంఘంలో ఎవరికీ తెలియదు. రిజిస్టరులో అంతా సక్రమంగానే ఉంటుంది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ ఇంటికి తాళం పడుతుంది, ఇంటిల్లిపాదీ పని వెతుక్కుంటూ పుణె పోయారని కబురు తెలుస్తుంది. "ముందే చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం కదా" అని అప్పుడు అందరూ నొచ్చుకుంటారు. ముందే చెప్పే దారిని మూసేసింది ఆ రోజటి నవ్వే.

ఇప్పుడు అదే అధ్యక్షురాలు, "రా, ముందు కూర్చో. మిగతావాళ్లవి అయిపోనీ" అని తర్వాతి పేరు పిలిచిందనుకుందాం. స్తంభం దగ్గరి మనిషి మెల్లగా చాప అంచున చేరుతుంది. సమావేశం ముగిసి, రిజిస్టర్లు సంచిలో సర్దేటప్పుడు అధ్యక్షురాలు పక్కన కూర్చుని అడుగుతుంది: "ఎంత తక్కువైంది?"

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. "ఎందుకు కట్టలేదు?" అని అడిగితే సంజాయిషీ చెప్పుకోవాలి. సంజాయిషీ చెప్పుకునే మనిషి సగం నిజం, సగం తప్పించుకునే మాట చెబుతుంది. అది మానవ సహజం. "ఎంత తక్కువైంది?" అంటే ఒక అంకె చెబితే చాలు. 2,000లో 1,200 చేతిలో ఉన్నాయి, 800 తక్కువ. అంకె బయటికి వచ్చాక పత్తి అమ్మిన డబ్బు ఇంకా చేతికి అందలేదన్న సంగతీ, పిల్లవాడి జ్వరానికి అయిన ఖర్చూ అడగకుండానే వస్తాయి. ఆ 800 సంఘం పొదుపులోంచి చిన్న అప్పుగా ఇచ్చి, తీర్మానం రాసి, తిరిగి కట్టే తేదీ వేసుకుంటారు. ఇక్కడ ఎవరూ ఎవరికీ పైసా మాఫీ చేయలేదు. కట్టుబాటు సడలలేదు. మారిందల్లా మనిషి తల ఎత్తుకునే వీలు దొరకడం, దాంతోపాటు అసలు సంగతి సంఘం చెవిన పడటం.

నాయకత్వంలో భావోద్వేగ వివేకం, సంబంధాల వివేకం అని పెద్ద పేర్లతో చెప్పేదంతా ఈ వరండాలో ఉంది. చాలామంది దాన్ని తీయగా మాట్లాడటంగా, నవ్వుతూ పలకరించడంగా, ఎవరినీ నొప్పించకపోవడంగా అర్థం చేసుకుంటారు. అవి మంచి గుణాలే గాని అసలు పని వేరు. నాయకుడు తీసుకునే ప్రతి నిర్ణయమూ తన దాకా వచ్చిన సమాచారం మీద నడుస్తుంది. చెడ్డ కబురు తెచ్చిన మనిషికి పరువు దక్కకపోతే, చెడ్డ కబురు రావడం ఆగుతుంది. చెడు జరగడం ఆగదు. కనుక ఎదుటివారి మనసెరగడం అనేది నాయకుడికి దయాగుణం కంటే ముందు ఒక అవసరం. అది లేకపోతే కళ్లుండీ చూడలేడు.

సంఘాల నిర్మాణం చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టపడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు పథకం మొదలైనప్పుడు తొలి విడతలో ఎంచుకున్న 6 జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తర్వాత అది ఇందిరా క్రాంతి పథంగా మారింది. ఐకేపీ అన్న పొట్టిపేరు ఊళ్లలో ఇప్పటికీ నిలిచి ఉంది. సంఘాలకు నేర్పిన పంచసూత్రాలు అందరికీ తెలిసినవే: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ. నాలుగు సూత్రాలు డబ్బూ లెక్కలకు సంబంధించినవి. మొదటిది మాత్రం మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి సంబంధించింది. మిగతా నాలుగూ దాని మీద నిలబడ్డాయి. బ్యాంకు అప్పు సంఘం మొత్తానికి ఇస్తుంది. వడ్డీ రాయితీ వేళకు కట్టిన సంఘాలకే వర్తిస్తుంది. ఒక్కరు తప్పితే పది మందీ నష్టపోతారు. అంత ఒత్తిడి ఉన్న చోట పరువు కాపాడుతూ డబ్బు రాబట్టడం చిన్న విద్య కాదు. చదువు అంతంతమాత్రంగా ఉన్న ఎందరో అధ్యక్షురాళ్లు ఏ శిక్షణ పుస్తకమూ చదవకుండానే దాన్ని నేర్చుకున్నారు. నాయకత్వం గురించి రాసేవారు ముందుగా గుర్తించాల్సింది వీరిని.

ఉమ్మడి బాధ్యత అనే ఈ పనిముట్టే మరొకరి చేతిలో ఎంత కఠినంగా మారగలదో 2010లో రాష్ట్రం చూసింది. సూక్ష్మరుణ సంస్థలు ఒకే ఇంటికి ఒకదాని మీద ఒకటిగా అప్పులిచ్చాయి. వారం వారం వసూలు. కట్టలేని మహిళ ఇంటి ముందు తోటి మహిళలనే కూర్చోబెట్టి ఒత్తిడి తెచ్చిన ఉదంతాలు, ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. బలవంతపు వసూళ్లను నిషేధించి, వారం వాయిదాలను నెల వాయిదాలుగా మార్చింది. తర్వాత అది చట్టమైంది. రెండు చోట్లా పనిచేసింది ఒకే మానవ స్వభావం. నలుగురిలో తలవంపులు ఎవరూ భరించలేరు. పొదుపు సంఘంలో మంచి అధ్యక్షురాలు ఆ సంగతి తెలిసి దాన్ని జాగ్రత్తగా కాపాడింది. వసూలు ఏజెంటు ఆ సంగతి తెలిసే దాన్ని ఆయుధం చేసుకున్నాడు. మనసు చదవడం వచ్చినంత మాత్రాన మనిషి మంచివాడు కాడని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మనస్తత్వ శాస్త్రంలో ఈ చర్చకు ఒక రూపం వచ్చింది 1990లో. అమెరికాకు చెందిన పీటర్ సాలొవే, జాన్ మేయర్ భావోద్వేగ ప్రజ్ఞ అన్న భావనను ఆ ఏడాది ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించారు. తర్వాత దాన్ని నాలుగు సామర్థ్యాలుగా వివరించారు: భావాన్ని గుర్తించడం, ఆలోచనకు సాయంగా వాడుకోవడం, అది ఎందుకు పుట్టి ఎటు పోతుందో అర్థం చేసుకోవడం, అదుపు చేసుకోవడం. 1995 తర్వాత డేనియల్ గోల్‌మన్ రచనలతో ఈ మాట కార్యాలయాల్లోకి, శిక్షణ తరగతుల్లోకి విస్తరించింది. విస్తరించే క్రమంలో కొంత అతిశయమూ చేరింది. తెలివితేటల కంటే, పని తెలియడం కంటే ఇదే ముఖ్యమన్న ప్రచారాన్ని యథాతథంగా తీసుకోనక్కర్లేదు. తనకు ఎంత ఉందో తానే మార్కులు వేసుకునే పరీక్షలను అసలు నమ్మలేం. ఎదుటివారి బాధ పట్టని మనిషి కూడా తనకు మనసెరిగే గుణం నిండా ఉందనే రాసుకుంటాడు.

ఆ నాలుగింటిలో మొదటిదైన గుర్తించడం దగ్గరే ఎక్కువమంది తప్పిపోతారు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసిన మెదడు చిత్రీకరణ ప్రయోగంలో, ఎదురుగా కనిపిస్తున్న ముఖంలోని భావానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు, భయానికీ ఆందోళనకూ స్పందించే అమిగ్డలా అనే భాగంలో చురుకు తగ్గింది. భావానికి పేరు పెట్టడమే దాని ఉధృతిని కొంత తగ్గిస్తుందన్నమాట. ఈ పనికి తెలుగులో సరంజామాకు కొదవ లేదు. కోపం అన్న ఒక్క ముద్ద మాట కింద ఎన్ని ఉన్నాయో చూడండి. అలక ఉంది, అది దగ్గరివారి మీదే పుడుతుంది, బతిమాలితే పోతుంది. రోషం ఉంది, అది బతిమాలితే పోదు, తప్పు ఒప్పుకుంటే పోతుంది. ఉక్రోషం ఉంది, ఏమీ చేయలేని నిస్సహాయతలోంచి వచ్చే కోపం అది; దానికి కావలసింది ఏదో ఒక దారి. నామోషీ ఉంది, దానికి చాటు కావాలి. మొహమాటం ఉంది, దానికి ఇంకొకరు ముందు మాట ఎత్తాలి. చిన్నబుచ్చుకున్న మనిషికి కావలసింది వేరు, బెంగపడ్డ మనిషికి కావలసింది వేరు. వీటన్నిటినీ "ఆయనకు కోపం ఎక్కువ" అన్న ఒక్క మాటతో తేల్చేసే నాయకుడు ప్రతి జబ్బుకూ ఒకే గోలీ ఇచ్చినట్టు.

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట ప్రాంతాల్లో యాసంగి కోతల వేళ ధాన్యం కొనుగోలు కేంద్రాలకు వెళ్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. చాలా కేంద్రాలను మహిళా సంఘాలే నడుపుతాయి. రైతు ధాన్యం తెచ్చి రాశి పోస్తాడు. తేమ 17 శాతానికి మించకూడదు కాబట్టి ఆరబోస్తాడు, తిరగేస్తాడు, మళ్లీ ఆరబోస్తాడు. తాలు లేకుండా తూర్పారబట్టాలి. గోనె సంచులు రావాలి, హమాలీలు దొరకాలి, కాంటా కావాలి, లారీ రావాలి, మిల్లులో దించుకోవాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా రాశి కదలదు. ఈలోగా పడమట మబ్బు కమ్ముతుంది. టార్పాలిన్ పట్టా కోసం పరుగు. ఒక్క వాన పడితే వారం రోజుల ఆరబోత వృథా.

అప్పుడు రైతు కేంద్రం నడిపే మహిళ మీద విరుచుకుపడతాడు. లారీలు పంపేది ఆమె కాదు, తరుగు తీసేదీ ఆమె కాదు. అయినా కుర్చీలో కనిపిస్తున్నది ఆమే. ఇది ఉక్రోషం. దీనికి ఎదురు ఉక్రోషంతో జవాబిస్తే గొడవ, పోలీసు, తెల్లారి పత్రికలో ఫోటో. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అంతగా గమనించని తప్పు ఇంకొకటి ఉంది, అది మంచి మనసున్నవారే ఎక్కువగా చేస్తారు. ఎదుటి మనిషి బాధ చూడలేక, "రేపు పొద్దున లారీ తప్పకుండా వస్తుంది, నాదీ పూచీ" అనేస్తారు. రైతు ఆ పూట చల్లబడతాడు. లారీ రాదు. మూడో రోజు నుంచి ఆమె ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. నిజంగా లారీ వచ్చే రోజున కూడా రైతులు రాశి దగ్గరే పడిగాపులు కాస్తారు, ఇంటికి వెళ్లి నిద్రపోరు. ఎదుటివారి కోపాన్ని తట్టుకోలేక చెప్పిన ఓదార్పు అబద్ధం, తిట్టిన తిట్టు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. తిట్టు మనసును గాయపరుస్తుంది, అబద్ధం మాట విలువనే తీసేస్తుంది.

బాగా నడిచే కేంద్రాల్లో కనిపించే పద్ధతి సాదాగా ఉంటుంది. ఎవరి వరస సంఖ్య ఎంతో, ఈ రోజు ఎన్ని లారీలు వచ్చాయో, ఎవరి కాంటా అయిందో గోడ మీదో బోర్డు మీదో రాసి ఉంటుంది. వరస తప్పించి సర్పంచు బంధువు రాశి ముందు తూచరు. లారీ ఎప్పుడొస్తుందో తెలియకపోతే "తెలియదు, సాయంత్రం ఆరింటికి మళ్లీ ఫోన్ చేసి కనుక్కుని చెబుతాను" అంటారు, ఆరింటికి నిజంగానే వచ్చి చెబుతారు, కబురు చెడ్డదైనా సరే. ఉక్రోషానికి కావలసింది దారి అన్నాం కదా, ఆ ఆరింటి మాట ఒక దారి. చేతిలో అధికారం ఏమీ లేని మనిషి కూడా ఇవ్వగలిగిన దారి అది. వరస పాటించడం న్యాయం గనుక దాన్ని సంబంధాల విషయంగా ఎవరూ లెక్కవేయరు గాని, రైతుల మధ్య, రైతుకూ కేంద్రానికీ మధ్య సంబంధం చెడేదీ నిలిచేదీ ఆ వరస దగ్గరే. పక్షపాతం చేసేవారి చిరునవ్వు ఎవరికీ అక్కర్లేదు.

పెద్ద వ్యవస్థల్లోనూ సంగతి ఇదే. హార్వర్డ్‌లో ఆమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. నాయకత్వం, పరస్పర సంబంధాలు బాగున్న బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంటే, లెక్కల్లో ఎక్కువగా కనిపించాయి. వెతికితే తేలిందేమిటంటే, ఆ బృందాల్లో జరిగిన పొరపాటును బయటికి చెప్పగలుగుతున్నారు. మిగతా చోట్ల దాస్తున్నారు. 1999లో ఆమె దీన్ని బృందంలోని మానసిక భద్రత అన్న భావనగా వివరించారు. ఏ ఫిర్యాదూ లేని కార్యాలయం, ఏ తప్పూ నమోదు కాని రిజిస్టరు చూసి మురిసిపోయే అధికారి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

పాలమూరు అనగానే వలస గుర్తొస్తుంది, వలస అనగానే గుంపు మేస్త్రీ. దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు, బహుళ అంతస్తుల భవనాలు పాలమూరు కూలీల చేతుల మీదుగా లేచాయి. ఆ కూలీలను ఊళ్లలోంచి కూడగట్టి, గుత్తేదారు దగ్గర అడ్వాన్సు ఇప్పించి, పని స్థలానికి తీసుకెళ్లేది మేస్త్రీ. నాయకత్వ విద్యలో అతనికి సాటి రాగలవారు తక్కువ. గుంపులో ఎవరు ఎవరితో మాట్లాడుకోరో, ఎవరి పక్కన ఎవరిని నిలబెడితే పని సాగుతుందో, ఏ ఆడమనిషి పసిబిడ్డను చెట్టుకు కట్టిన ఉయ్యాలలో వదిలి వచ్చిందో, ఎవరు రాత్రి తాగి పొద్దున లేవరో అతనికి తెలుసు. పరాయి ఊళ్లో, పరాయి భాషలో, రేకుల గుడిసెల్లో నెలల తరబడి వాళ్లను ఒక్కతాటి మీద ఉంచేది ఆ ఎరుకే. బాబాయి, అన్న, అల్లుడు అంటూ వరసలు కలిపి పిలుస్తాడు. జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్తాడు.

అయితే ఆ మేస్త్రీకి తలకు ఇంత అని గుత్తేదారు నుంచి కమీషన్ అందుతుంది. ఊళ్లో ఇచ్చిన అడ్వాన్సు కూలీని కట్టిపడేసే తాడు. అడ్వాన్సు తీరేదాకా పని విడిచి వెళ్లకూడదనే కట్టడి వెట్టిచాకిరీ కిందికే వస్తుంది. 1976 నాటి చట్టం దాన్ని నిషేధించింది. బాబాయి అని పిలిచిన గొంతుతోనే "అడ్వాన్సు సంగతి మరిచావా?" అని అడగాల్సిన స్థానంలో అతను ఉన్నాడు. అందుకని మేస్త్రీలందరూ దుర్మార్గులని కాదు. చాలామంది నిన్నమొన్నటి దాకా తట్ట మోసినవారే. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. ఆ గుంపులో ఉన్న నమ్మకం ఏ దిక్కుకు ప్రవహిస్తోంది? గుత్తేదారు ఆజ్ఞలు కిందికి దింపడానికే పనికొస్తోందా, కూలి తక్కువ పడిందన్న మాట, నీళ్లు లేవన్న మాట పైకి చేరవేయడానికీ పనికొస్తోందా? రెండు వైపులా మోసే మేస్త్రీ గుంపు ఏటేటా అతని వెంటే వస్తుంది. ఒక వైపే మోసేవాడి గుంపు ఒకటి రెండేళ్లలో చెదిరిపోతుంది.

ఆప్యాయత మాటున అన్యాయం దాగడం దక్షిణ తెలంగాణకు కొత్త కాదు. గడీల కాలంలో దొరకు ఊరందరి ఇంటి సంగతులూ తెలుసు. పెళ్లికి వడ్లు పంపేవాడు, చావుకు కట్టెలు పంపేవాడు. బదులుగా వెట్టి. "నీ బాంచెన్, కాల్మొక్తా" అన్న మాట వినడానికి వినయంలా ఉంటుంది, దాని లోపల ఉన్నది భయం. అక్కడ పై నుంచి కిందికి దయ ఉండేదేమో గాని, కింది నుంచి పైకి నిజం వెళ్లే దారి లేదు. అప్పటి నల్గొండ జిల్లాలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీద దొర కన్నేసినప్పుడు, ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు వెళ్లి ఆ పంట కోసి, గింజలు ఆమె ఇంటికి చేర్చారు. సంబంధం అంటే ఏమిటో ఆ పని చెప్పినంత బాగా ఏ ఓదార్పు మాటా చెప్పలేదు. ఆమెకు కావలసింది సానుభూతి కాదు, ఆ పొలంలో ఆమె పక్కన నిలబడే మనుషులు. ఇప్పటికీ ఏ సంస్థలోనైనా "మేమంతా ఒక కుటుంబం" అన్న మాట వినిపిస్తే ఒకటి పరిశీలించాలి. ఆ కుటుంబంలో చిన్నవారు "కుదరదు" అంటే వారికి ఏమవుతుంది? ఏమీ కాదు అని ధైర్యంగా చెప్పగలిగితే అది నిజమైన ఆప్యాయతే.

ఇంతసేపూ ఎదుటివారి మనసు గురించే అయింది. నాయకుడికి తన కోపం కూడా ఉంటుంది. దాన్ని మింగేయమని చెప్పడం తేలిక, కానీ మింగిన కోపం ఎక్కడో ఒకచోట కక్కక తప్పదు. దీనికి పాలమూరు గడ్డ ఇచ్చిన ఉదాహరణ చాలా గొప్పది. ఇప్పటి గద్వాల జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణలో కవులు పూజ్యమన్న వ్యాఖ్య వచ్చినప్పుడు ఆయనకు రోషం రాకుండా ఎలా ఉంటుంది? పూజ్యం అంటే సున్న అని కూడా అర్థం. ఆ మాటకు మాట అని ఉంటే నాలుగు వారాలు పత్రికల్లో వాదం నడిచి చల్లారిపోయేది. ఆయన తన పత్రికనే వేదికగా చేసుకుని మారుమూల ఊళ్ల కవుల రచనలు కూడగట్టారు. 1934లో గోలకొండ కవుల సంచిక 354 మంది కవులతో వెలువడింది. రోషం చల్లారలేదు, పనిగా మారింది. అంతకంటే విలువైన సంగతి ఇంకొకటి జరిగింది. ఎవరికి వారు ఏ మూలనో ఒంటరిగా రాసుకుంటున్న వందలాది మందికి, తాము ఇంతమందిమి ఉన్నామని ఒకే పుస్తకంలో కనిపించింది. అవమానం మిగిల్చిన వేడిని పట్టుకుని మనుషులను ఒకచోటికి చేర్చడం అరుదైన నేర్పు. ఆ కోపంలో ఏ విలువ దెబ్బతిందో ఆయన కనిపెట్టారు, దెబ్బ కొట్టిన మనిషిని వదిలేసి ఆ విలువ వైపు నడిచారు.

వినడం గురించి మాట్లాడితే పోచంపల్లిని తలచుకోకుండా ఉండలేం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే కాలినడకన అప్పటి నల్గొండ జిల్లాలోని ఆ ఊరు చేరారు. సాయుధ పోరాటపు గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆయన దళితవాడకు వెళ్లి, మీకేం కావాలని అడిగారు. భూమి కావాలన్నారు. ఎంత కావాలంటే, 40 కుటుంబాలకు 80 ఎకరాలు చాలన్నారు. ఆయన ఆ మాటను అక్కడున్న ఊరివారి ముందు పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. చరిత్ర పుస్తకాలు దానం చేసిన చేతినీ, అడిగిన సాధువునూ ఎక్కువగా చెబుతాయి. ఆ సభలో 80 అని లెక్క చెప్పగలిగినవారిని కూడా గుర్తుచేసుకోవాలి. తరాలుగా నోరెత్తే వీలు లేని మనుషులు ఊరి పెద్దల సమక్షంలో తమ అవసరాన్ని అంకెగా చెప్పగలిగారు. ఎవరైనా నిజంగా వినడానికి వచ్చినప్పుడు మాత్రమే అంకె బయటికి వస్తుంది. పొదుపు సంఘం వరండాలో 800 తక్కువైందని చెప్పిన మనిషికీ, పోచంపల్లిలో 80 ఎకరాలు అడిగినవారికీ మధ్య ఉన్న చుట్టరికం అది.

పోచంపల్లి కథలో రెండో భాగం కూడా ఉంది, ఉద్వేగం గురించి మాట్లాడేవారు దాన్ని తరచుగా వదిలేస్తారు. ఆ సాయంత్రపు కదలిక దేశమంతా పాకింది, లక్షల ఎకరాల దానాలు వచ్చాయి. దానంగా వచ్చిన భూమిలో చాలా భాగం పేదల చేతికి చేరలేదు. కొంత సాగుకు పనికిరాని రాళ్ల నేల, కొంత దస్తావేజులు సరిగా లేనిది, కొంత దాత వారసులు కాదన్నది, కొంత కోర్టుల్లో చిక్కుకున్నది. దానం ఇస్తానని లేచిన మనిషి కళ్లలో నీళ్లు నిజమైనవే, చప్పట్లు కొట్టిన ఊరి ఆనందమూ నిజమైనదే. కానీ తెల్లారి ఆ పొలానికి గొలుసు పట్టుకుని వెళ్లాల్సినవారు వేరే ఉండాలి. ఏ సర్వే నంబరు? హద్దులు ఎక్కడ? పట్టా ఎవరి పేరు మీద, ఎప్పటిలోగా? మొదటి దుక్కికి ఎడ్లు ఎవరివి, విత్తనం ఎవరిది? మనసు కరిగిన సభలో ఈ ప్రశ్నలు అడగడం మర్యాద కాదనిపిస్తుంది. మొహమాటంతో వాటిని రేపటికి వాయిదా వేసిన చోటల్లా భూమి కాగితం మీదే మిగిలింది.